కాడి కింద పండుకునే ఎద్దు

పులివెందుల సంతలో ఎద్దుల బేరాలు జరిగే చోట ఫకీర్ సాహెబ్‌ను ఎరగనివాళ్ళు లేరు. ఆయనది సింహాద్రిపురం, ఊర్లో జోడెద్దుల సేద్యం ఉంది. ముప్పై ఏళ్ళుగా దళారి పని చేస్తున్నాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టి ధర తేల్చేవాడు. చుట్టూ మూగినవాళ్ళకు మొహాలు కనిపించేవి తప్ప ధర తెలిసేది కాదు.

అంతవరకు చాలామంది చేస్తారు. ఫకీర్ సాహెబ్‌కు ఇంకొకటి ఉండేది. ఎద్దును కొనేవాడు సంత పక్కనున్న బీడులో దానికి మడక కట్టి, ఎండ ముదిరేదాకా దున్ని చూసుకోవడం అక్కడి పద్ధతి. ఫకీర్ సాహెబ్ "చూడాల్సిన పన్లే" అంటే మాత్రం ఎవరూ మడక జోలికి పోయేవారు కాదు. పగ్గం అందుకుని దారి పట్టేవారు. ఆ మాట ఆయన ఏడాదికి నాలుగైదు సార్లకు మించి అనేవాడు కాదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఎండాకాలంలో ఒకరోజు, అల్లుడు ఇస్మాయిల్ ఒక తెల్లెద్దును తోలుకుని ఆయన ఇంటికి వచ్చాడు. ఇస్మాయిల్ ప్రొద్దుటూరులో బండి తోలుకుని బతికేవాడు. పత్తి మిల్లు నుంచి ఎర్రగుంట్ల రైలు స్టేషనుకు బేళ్ళు చేరవేయడం అతని పని. భార్య మాబున్ని ముందురోజే బస్సులో పుట్టింటికి వచ్చి ఉంది. ఎందుకు వచ్చిందో మాత్రం చెప్పలేదు.

ఎద్దును చూడగానే ఫకీర్ సాహెబ్ మొహం వెలిగింది. ఎత్తైన మనిషికి భుజం దాకా వచ్చే ఎద్దు. కొమ్ములు సమంగా ఉన్నాయి. మూపురం గట్టిగా ఉంది. నోరు తెరిచి పళ్ళు చూశాడు. గిట్టలు ఎత్తి చూశాడు.

"ఇంత మంచిదాన్ని ఎందుకు అమ్ముకుంటాండావు?" అని అడిగాడు.

ఇస్మాయిల్ నేల చూపులు చూశాడు. "పండుకుంటాది మామా."

"ఎప్పుడు?"

"పొద్దునంతా బాగనే లాగుతాది. ఎండ నడినెత్తికి వస్తే సాలు, కాడితోనే పండుకుంటాది. కొట్టినా లేయదు, తోక మెలిపెట్టినా లేయదు. ఎర్రగుంట్ల దావలో మూడు తూర్లు అట్లే చేసింది. ఇంగొకసారి ఇట్లయితే వేరే బండి పెట్టుకుంటామని మిల్లోళ్ళు అంటాండారు."

"నీకెవరు అంటగట్టినారు దీన్ని?"

"మైదుకూరు కాడ ఎవరో. వాడు మళ్ళా కనపడలే."

ఫకీర్ సాహెబ్ ఎద్దు వీపు నిమిరాడు. "సంతకు తోలుకపోదాం. గుణం చెప్పే అమ్ముదాం," అన్నాడు.

"చెప్తే కటికోళ్ళు తప్ప ఎవరు కొంటారు మామా? వాళ్ళిచ్చేదానికి ఇంకో ఎద్దు రాదు."

పొయ్యి దగ్గర కూర్చున్న మాబున్ని తల ఎత్తకుండానే అంది. "నువ్వు ఒక్క మాట అంటే సాలు గదా నాయనా. ఎవరెవరికో అంటావు."

ఆయన భార్య మహబూబ్‌బీ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే కూతురి వైపు ఉందని ఆయనకు తెలుసు.

రెండేళ్ళ కిందట సర్కారు గంజి కేంద్రాలు పెట్టిన కరువప్పుడు ఫకీర్ సాహెబ్, మహబూబ్‌బీ నాలుగు నెలలు ప్రొద్దుటూరులో అల్లుడి ఇంట్లోనే తిన్నారు. ఇస్మాయిల్ తాను ఒక పూట మానుకుని వాళ్ళకు పెట్టాడు. ఆ సంగతి ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఆ రోజు కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఫకీర్ సాహెబ్ కోపగించుకుని కాదనేవాడేమో.

సంతకు పోతూ ఆయన ఒకటే అనుకున్నాడు. ఏ పెద్ద వ్యాపారో, నలుగురు జీతగాళ్ళను పెట్టుకున్న ఏ భూస్వామో వస్తే బాగుండును, అలాంటివాడికి ఒక ఎద్దు చెడితే ఏమీ కాదు అని. కానీ వచ్చినవాడు ఓబులేసు.

ఓబులేసుది జమ్మలమడుగు తాలూకాలో ఒక నల్లరేగడి పల్లె. నాలుగెకరాల మెట్ట. కరువులో జోడెద్దుల్లో ఒకటి చచ్చిపోతే, మిగిలిన కర్రెద్దును పక్కింటివాళ్ళ ఎద్దుతో కలిపి వంతుల మీద సేద్యం చేసుకుంటూ రెండేళ్ళు గడిపాడు. ఆ కర్రెద్దును ఇప్పించింది ఫకీర్ సాహెబే.

ఓబులేసు తెల్లెద్దు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మా కర్రెద్దుకు సరిజోడు మామా ఇది. మడక కట్టి చూడమంటావా?"

వెనక చింతచెట్టు నీడలో ఇస్మాయిల్ గొంతుకూర్చుని ఉన్నాడు. ఇటువైపు చూడడం లేదు.

"చూడాల్సిన పన్లేప్పా," అన్నాడు ఫకీర్ సాహెబ్.

తువ్వాలు కింద ఓబులేసు చెయ్యి చెమటతో తడిసి ఉంది. ఆయన పట్టిన వేళ్ళను అతను మార్చమని అడగలేదు. బేరమే ఆడలేదు. ముప్పై ఏళ్ళలో అంత తొందరగా తెగిన బేరం ఫకీర్ సాహెబ్‌కు గుర్తులేదు.

ఇస్మాయిల్ పదిరోజుల్లో వేరే ఎద్దు కొన్నాడు. బండి మళ్ళీ నడిచింది. మృగశిర కార్తెలో జమ్మలమడుగు వైపు మంచి వాన పడిందని సంతలో చెప్పుకున్నారు. అటునుంచి వచ్చినవాళ్ళను ఫకీర్ సాహెబ్ వానల గురించీ విత్తనాల గురించీ అడిగేవాడు గానీ, ఓబులేసు పేరు ఎత్తేవాడు కాదు. అతను వచ్చి తిడతాడని ఎదురుచూశాడు. తిడితే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాడు. నెల దాటినా అతను రాలేదు.

ఆ తర్వాతి వారం వచ్చాడు, తెల్లెద్దును తోలుకుని. మనిషి చిక్కిపోయాడు. ఎద్దు మాత్రం బాగానే ఉంది. మేత తక్కువ చేయలేదని చూస్తేనే తెలుస్తుంది.

"మామా, నీతో ఒక మాట," అని ఫకీర్ సాహెబ్‌ను పక్కకు పిలిచాడు. "వాన పడె. పదునుండేది నాలుగు దినాలు గదా. మొదటి దినం ఇత్తనం గొర్రు కట్టి మధ్యాన్నం దాకా తోలితి. ఉన్నట్టుండి చాల్లోనే పండుకున్యాది. నీళ్ళు పోస్తిమి, విసురుతిమి. పొద్దు వాలినంక దానంతట అదే లేసి మేసింది. రెండోదినమూ అంతే. నాలుగెకరాల్లో ఎకరా గూడ ఎయ్యలే. పదును పాయ."

"వేరే ఎద్దు ఎవరూ ఇయ్యలేదా?"

"ఇత్తనం ఏసే దినాల్లో ఎవరిస్తారు మామా? ఎవరి చేను వాళ్ళది." ఓబులేసు గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో ఆమె దిష్టి తగిలిందంటాది. నువ్వు మంచి ఎద్దే ఇచ్చినావు. మా చేతికొచ్చినంక చెడింది. బ్రహ్మంగారిమఠం పోయి ఇబూది గూడ తెచ్చి పెడ్తిమి. ఏం లాభం లే."

ఫకీర్ సాహెబ్ అనుకుని పెట్టుకున్న మాటలేవీ దీనికి పనికిరాలేదు.

"దీన్ని అమ్మిపెట్టు మామా," అన్నాడు ఓబులేసు. "పండుకుంటాదని ఎవరికీ చెప్పొద్దు. చూడాల్సిన పన్లేదని నువ్వు అంటే ఎవరో ఒకరు తోలుకపోతారు. వచ్చే అదునుకన్నా ఇంకోదాన్ని కొని జొన్నేసుకుంటా. అది గూడ పోతే మేము ఊర్లో ఉండలేం."

గంట గడవకముందే తొండూరు వైపు రైతు ఒకడు ఎద్దును చూసి ఆగాడు. నలభై ఏళ్ళ మనిషి. చెప్పుల్లేని కాళ్ళు పగిలి ఉన్నాయి. పళ్ళు చూసి, మూపురం చరిచి, ఫకీర్ సాహెబ్ ఎదురుగా కూర్చున్నాడు. "ఏం సాయిబూ, మడక కట్టాల్నా, అక్కర్లేదా?"

ఫకీర్ సాహెబ్ తువ్వాలు కప్పాడు. దాని కింద ఆ రైతు అరచెయ్యి గరుగ్గా తగిలింది. పక్కన ఓబులేసు పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. ఫకీర్ సాహెబ్ వేలు పట్టకుండా అలాగే ఉండిపోయాడు. తర్వాత తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

"మడక కట్టుకోప్పా. మధ్యాన్నం దాకా ఉండి చూసుకో. ఇది ఎండకు పండుకుంటాది."

రైతు చెయ్యి వెనక్కి తీసుకుని లేచాడు. ఓబులేసుకు సరిగా వినపడలేదేమో, "మామా?" అన్నాడు.

"దిష్టీ గాదు, ఏం గాదు ఓబులేసూ. నీకు అమ్మిన దినమే దీనికి ఆ గుణం ఉండాది. నాకు తెల్సు."

చుట్టుపక్కల బేరాలు ఆగిపోయాయి. ఎవరో దగ్గారు. ఓబులేసు పగ్గాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఎవరి ఎద్దు ఇది?"

"మా అల్లునిది. ఇస్మాయిల్‌ది."

"నాకు అమ్మేటప్పుడు నోట్లో నుంచి రాని నిజం, నేను అమ్ముకునేటప్పుడు వచ్చెనా నీకు?"

అతను అరవలేదు. మామూలుగా అడిగినట్టే అడిగాడు. చెప్పేస్తే బరువు దిగుతుందని ఫకీర్ సాహెబ్ అనుకున్నాడు గానీ, ఆ నిజం ఖరీదు కూడా ఓబులేసే కట్టాల్సి వస్తుందని ఆ నిమిషం దాకా ఆలోచించలేదు. సంత చివర నిలబడ్డ కటికోళ్ళు అప్పుడే ఇటు నడుస్తున్నారు.

"వాళ్ళకు ఇయ్యొద్దు. నాతో రా," అన్నాడు ఫకీర్ సాహెబ్.

"యాడికి?"

"మా ఇంటికి."

ఓబులేసుకు వేరే దారి లేదు. వెళ్ళాడు. సింహాద్రిపురం దాకా ఎద్దును తోలుకుంటూ వెనకే నడిచాడు. ఎండ మండుతున్నా, మెడ మీద కాడి లేదు కాబట్టి తెల్లెద్దు ఎక్కడా ఆగకుండా నడిచింది.

ఇంటి ముందర ఫకీర్ సాహెబ్ తన జోడెద్దుల్లో కుడివైపుదాన్ని విప్పి, పగ్గం తెచ్చి ఓబులేసు ముందు పట్టాడు. మహబూబ్‌బీ లోపలి నుంచి వచ్చింది.

"ఒకదాన్ని ఇస్తే మన సేద్యం ఎట్ల?" అంది. ఫకీర్ సాహెబ్ జరిగింది చెప్పాడు. సంతలో అల్లుడి పేరు చెప్పిన సంగతి కూడా చెప్పాడు.

"అందరి ముందరా చెప్తివా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఓబులేసు పగ్గం అందుకోలేదు. "మడక ఇయ్యి. చూసుకుంటా," అన్నాడు.

అప్పటికే పొద్దు వాలింది. అతను ఆ ఇంట్లో అన్నం తినలేదు. తెల్లారగానే ఫకీర్ సాహెబ్ చేలో ఆ ఎద్దును కాడికి కట్టి, మధ్యాహ్నం దాటేదాకా దున్నాడు. ఫకీర్ సాహెబ్ గట్టు మీద కూర్చుని చూశాడు. తన చేతి మీదుగా వచ్చిన ఎద్దును ఓబులేసు ఇలా చూసి తీసుకోవడం ఇదే మొదటిసారి. ఎద్దు ఎక్కడా తడబడలేదు. అతను ఇంకో నాలుగు చాళ్ళు తిప్పి అప్పుడు విప్పాడు.

"ఇత్తనం పోయినదానికి నేనేం చేయలేను," అన్నాడు ఫకీర్ సాహెబ్.

"ఔ. అది పోయింది."

అంతే అని, ఎద్దును తోలుకుని జమ్మలమడుగు దారి పట్టాడు. వెనక్కి చూడలేదు.

తెల్లెద్దు ఫకీర్ సాహెబ్ దగ్గరే ఉండిపోయింది. పొద్దున ఎండ ఎక్కకముందే కాడి విప్పేస్తే అది పండుకునేది కాదు. అలా సగం పూటల సేద్యంతో ఆ ఏడాది చేనులో సగమే పైరైంది. సంతకు పోవడం ఆయన మానలేదు. తువ్వాలు కింద వేళ్ళు పట్టించుకోవడానికి ఇంకా కొందరు వచ్చేవారు. కానీ 'చూడాల్నా, అక్కర్లేదా' అని ఎవరూ అడగలేదు. ఆయన కూర్చున్న ప్రతి బేరానికీ ముందు మడక కట్టేవారు. కొందరు ఆయన వినేటట్టే నవ్వుకునేవారు. ఇస్మాయిల్ నుంచి కబురు లేదు. ప్రొద్దుటూరులో బండ్లోళ్ళు అతన్ని ఎద్దు పేరు పెట్టి ఎగతాళి చేస్తున్నారని మాత్రం విన్నాడు. బక్రీదుకు మాబున్ని రాలేదు. ఆమె ఎప్పుడు రాకపోయినా ఆ పండక్కి వచ్చేది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే బస్సు దిగి వచ్చింది. తల్లి పెట్టిన అన్నం తిని, వాకిట్లో తండ్రి పక్కన కూర్చుంది.

"ఆయనకు చెప్పకుండా వస్తి," అంది. "నాలుగు గంటల బస్సుకు పోవాల."

"ఇస్మాయిల్ బాగుండాడా?"

"బండి నడుస్తాంది. మాట్లాడడు." కొంచెంసేపు చీరె కొంగు మడతలు పెట్టి విప్పింది. "ఆయన పేరు చెప్తివి. నా పేరు చెప్పకపోతివే నాయనా. అడిగింది నేను గదా."

"నువ్వు అడుగుతావు. కూతురివి. అనాల్నా వద్దా అనేది నాది."

"అయితే ఆయన పేరు మాత్రం ఎందుకు చెప్పాల? నీ పేరొక్కటే చెప్పుంటే సాలు గదా."

ఎద్దు ఎవరిదని ఓబులేసు అడిగాడు, ఫకీర్ సాహెబ్ చెప్పాడు. ఆ క్షణంలో ఇంకో అబద్ధం ఆడలేకపోయాడు. ఇదంతా ఆమెకు ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

నాలుగుకు ముందే ఇద్దరూ రోడ్డు దగ్గరికి నడిచారు. బస్సు ఆలస్యమైంది. ఆమె సంచి ఆయన పట్టుకున్నాడు.

"రంజాన్‌కు వస్తావా?" అని అడిగాడు.

"ఆయన్ను అడగాల."

"నేను వచ్చి అడగనా?"

మాబున్ని రోడ్డు వైపు చూసింది. "ఇప్పుడే వద్దు నాయనా," అంది. తర్వాత, "మల్ల ఎప్పుడన్నా," అంది.

బస్సు వచ్చింది. సంచి అందించాడు. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక కూడా తండ్రి అక్కడే నిలబడి ఉన్నాడని గమనించి, ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేసింది.