సెలవు చీటీ

"ఈ రోజు నీకు జ్వరం" అన్నాడాయన, నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే.

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. చల్లగానే ఉంది. పెళ్ళయిన ఈ పద్నాలుగేళ్ళూ నాకెప్పుడు ఆకలెయ్యాలో, ఎప్పుడు నవ్వు రావాలో ఈ ఇంట్లోవాళ్ళే చెబుతూ వచ్చారు. జ్వరం సంగతి కూడా వాళ్ళకే బాగా తెలిసుంటుంది. "సభకు వెళ్ళకు, పడుకో. ముందు వంట చేసెయ్, మధ్యాహ్నం నలుగురు భోజనానికొస్తున్నారు" అన్నాడు.

ఆ రోజు సభలో రాజ్యాంగ సవరణ మీద ఓటింగు. మావాళ్ళకు చట్టసభలో కేటాయించిన సీట్ల గడువు ముగిసిపోతోంది. ఇంకో పదేళ్ళు పొడిగించాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఒకటి రెండు ఓట్ల దగ్గర ఊగుతోందని పేపర్లన్నీ రాస్తున్నాయి. ఆ సభలో నేనూ సభ్యురాలినే. కాలరు రుద్దుతున్న నన్ను చూస్తే మీరు నమ్మరనుకోండి.

ఆయనవాళ్ళు పెద్దవాళ్ళు. మేం వాళ్ళ వీధులు ఊడ్చేవాళ్ళం. ఇష్టపడే చేసుకున్నాడు, కాదనను. అత్తయ్య నన్ను ఇంట్లోకి రానిచ్చింది గానీ, నేను తోమిన గిన్నెలు మళ్ళీ కడుక్కునేది. పుట్టింటి మాటెత్తితే "ఆ ఊసు ఈ గడప ఇవతల వద్దు" అనేది. మూడేళ్ళ క్రితం, ఆయన ఎంతో కాలంగా కన్నేసి ఉంచిన సీటును మావాళ్ళకు కేటాయించారు. ఆ సాయంత్రమే నేనెవరి కూతురినో అత్తయ్యకు గుర్తొచ్చింది. ఊడ్చీ ఊడ్చీ నడుం వంగిపోయిన మా అమ్మను కారులో తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని ఫోటో దిగింది. అవగానే కుర్చీ కడిగించింది. అమ్మ ఇంకా గేటు దాటలేదు. చూసింది.

గెలిచాక ఆఫీసులో నా కుర్చీలో ఆయన కూర్చున్నాడు. సభకు వెళ్ళి ఆయన చెప్పిన బటను నొక్కి రావడం వరకే నా పని. "నీది కోడి గెలికినట్టుంటుంది" అని నా సంతకం కూడా ఆయనే ఒకటి తయారుచేసి, మొదటి కాగితం నుంచీ ఆయనే పెడుతున్నాడు. కింద ఒక గీత, రెండు చుక్కలు. నిజం చెప్పొద్దూ, నా సంతకం కన్నా అందంగానే ఉంటుంది.

"గడువు పొడిగించకపోతే సీటు జనరల్ అయిపోతుంది" అన్నాడు చొక్కా తొడుక్కుంటూ. "ఈసారి నేనే నిలబడతా. నీకూ ఈ బాదరబందీ తప్పుతుంది. నీ మంచికే చెబుతున్నా."

నా మంచి! మావాళ్ళు అర్జీలు తెచ్చి ఆయన చేతికిచ్చి, వెళ్ళేటప్పుడు నాకోసం మేడ మీది కిటికీ వైపు చూసేవాళ్ళు. నేను కనబడితే చాలు, దండం పెట్టేవాళ్ళు. నాకు సిగ్గేసి పరదా వేసుకునేదాన్ని. ఆ రోజు ఆయన కారు మలుపు తిరగగానే స్టవ్ ఆపేసి బస్సెక్కాను.

సభ గుమ్మం దగ్గర గుమస్తా రిజిస్టరు చూసి తలెత్తాడు. "అమ్మా, మీరు సెలవులో ఉన్నారు. పొద్దున్నే చీటీ వచ్చింది."

"నేను పంపలేదండీ."

"అయితే సెలవు రద్దని రాసి సంతకం పెట్టండి."

పెట్టాను. గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "కలవడం లేదమ్మా. మూడేళ్ళుగా మా దగ్గరున్న మీ సంతకం ఇదీ." గొంతు తగ్గించి, "అచ్చం ఇలాగే పెట్టెయ్యండి. బెల్లు కొట్టేశారు, తలుపులు వేసేస్తారు" అన్నాడు. మంచివాడే పాపం.

నేను నేనేనని నమ్మించడానికి నా సంతకాన్ని నేనే ఫోర్జరీ చెయ్యాలి. నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. పెన్ను కాగితం మీద ఆనించాను కూడా. పెట్టేస్తే ఓటేసి, ఏమీ జరగనట్టు ఇంటికి పోవచ్చు. కానీ అలా పెడితే ఇన్నాళ్ళూ మా ఆయన రాసిందంతా నేను రాసినట్టే. రేపు నా పేరుతో రాజీనామా పంపినా అది నాదే అవుతుంది.

"ఈ సంతకం నాది కాదని రాస్తే?" అన్నాను.

గుమస్తా అటూ ఇటూ చూశాడు. "మిమ్మల్ని లోపలికి పంపక తప్పదు. కానీ పాత ఫైళ్ళన్నీ తిరగేస్తారమ్మా. మీవారు జైలుకెళ్తారు. ఇన్నాళ్ళూ ఊరుకున్నందుకు మీ సీటూ పోతుంది."

"నేను పోతే మాలో ఇంకొకామె వస్తుంది. సీటే పోతే ఎవరొస్తారు?"

సంచిలో ఫోను మోగుతోంది. ఇంటి నంబరు. వంటయిందా అని అడగడానికే అయ్యుంటుంది. మోగనిచ్చాను. కాగితం నా వైపు లాక్కుని రాశాను.

"ఈ చీటీ మీది సంతకం నాది కాదు. ఈ మూడేళ్ళలో నా పేరుతో మీకు వచ్చిన ఏ సంతకమూ నాది కాదు. అవన్నీ ఎవరు పెట్టారో ఓటు వేసి వచ్చాక చెబుతాను."