ఏడో కిలోమీటరు

మా అంబాసిడర్ రిజిస్ట్రేషను గడువు ఆ శనివారంతో ముగుస్తుంది. నెల్లూరు తీసుకుపోయి బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపిస్తే ఇంకో ఐదేళ్లు పొడిగిస్తారు. అప్పటికే రెండుసార్లు బయలుదేరి, దారిలో ఆగిపోయి, వెనక్కి వచ్చాను. మూడోసారి శుక్రవారం పదకొండు గంటలకు టైము ఇచ్చారు. ఈసారీ చేరకపోతే పాత ఇనుము కొనేవాళ్లకు అప్పగించేద్దామని నిశ్చయించుకున్నాను.

నిజానికి ఆ కారు వనజాక్షిది. ఆమె అల్లూరు హైస్కూల్లో లెక్కలు చెప్పేది. నేను కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ని. ఆమె నడుపుతుంటే నేను పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాణ్ని. ఆమె పోయిన ఏడాదికి, అరవై ఐదేళ్ల వయసులో, మెకానిక్ అబ్రహాము దగ్గర డ్రైవింగు నేర్చుకున్నాను. స్టీరింగు పక్కనుండే ఆ గేరు తప్ప ఇంకో కారు గేరు నా చేతికి రాదు. ఈ కారు పోతే నేను మళ్లీ పక్క సీటు మనిషినే. అందులోనూ నడిపే మనిషి లేని పక్క సీటు.

జబ్బు చిత్రమైనది. ఇంటి దగ్గర ఎంతసేపు స్టార్టులో ఉంచినా బాగుంటుంది. అబ్రహాము బస్టాండు దాకా తోలి చూస్తే బాగుంటుంది. సరిగ్గా ఏడో కిలోమీటరు దగ్గర ఇంజను దగ్గి, ఊపు తగ్గి, ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. అబ్రహాము కార్బొరేటరు విప్పి జెట్లు ఊదాడు. ఫిల్టరు మార్చాడు. పంపులో పెట్రోలును లాగే రబ్బరు పొర కొత్తది వేశాడు. ఫలితం లేదు.

"పంపు వేడెక్కి పెట్రోలు ఆవిరైపోతాంది సార్," అని చివరికి తేల్చాడు. "తడిగుడ్డ కప్పుకుంటా పోదాం. నేనూ వస్తా."

తోయడానికి మనిషి కావాలని హజరత్తయ్యను కూడా ఎక్కించుకున్నాం. మా ఇంటి వెనక రొయ్యల గుంటలకు అతనే కాపలా. ప్రతి ఆదివారం నేను అడగకుండానే వచ్చి కారు కడిగిపోతాడు.

ఎనిమిదిన్నరకు బయలుదేరాం. నారుమళ్ల మీద ఎండ ఇంకా పసిగానే ఉంది. ఏడో కిలోమీటరు రాగానే కారు ఆగింది.

"రీడింగు చూసి ఆగినట్టు ఆగతాది సార్ ఇది," అన్నాడు హజరత్తయ్య దిగుతూ.

పంపు మీద తడిగుడ్డ వేసి కాలువ గట్టున కూర్చున్నాం. ఇరవై నిమిషాలకు స్టార్టయింది. "చూసినారా!" అన్నాడు అబ్రహాము. పద్నాలుగో కిలోమీటరు దగ్గర మళ్లీ ఆగింది. గుడ్డ ఆరిపోయింది. నీళ్ల కోసం వెతుకుతుంటే, ఇసకపల్లి నుంచి చేపలు తెచ్చుకుంటున్న ఒకామె ఆటో ఆపించి తొంగి చూసింది.

"ఏంది సార్, బండికి జరమా?"

"అవునమ్మా. తడిగుడ్డ వేస్తున్నాం."

"జరానికి తడిగుడ్డ ఏం చాలతాది?" అని చేపల పెట్టెలోంచి పెద్ద మంచుగడ్డ తీసి అబ్రహాము చేతిలో పెట్టింది. పేరు అడిగేలోపే ఆటో కదిలింది. చేపలు పాడైపోయే ఎండలో తన మంచు ఇచ్చి పోయిన ఆ మనిషిని తలచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను.

గడ్డను గోనెపట్టాలో చుట్టి పంపుకు కట్టాడు అబ్రహాము. కారు హుషారుగా కదిలింది. కారంతా చేపల వాసన. కోవూరు పొలిమేరలో, ఇరవై ఒకటో కిలోమీటరు దగ్గర, మళ్లీ దగ్గి ఆగిపోయింది. టైము పదీ పది.

అబ్రహాము బానెట్ ఎత్తి గోనెపట్టా విప్పాడు. మంచు ఇంకా పిడికెడంత ఉంది. పంపును చేత్తో తడిమి, నన్ను కూడా పట్టుకు చూడమన్నాడు. కుండలో నీళ్లంత చల్లగా ఉంది.

"వేడి కాదు సార్," అన్నాడు నెమ్మదిగా. "మూడు వారాలుగా నేను చెప్పిందంతా తప్పు."

పంపుకు కింద చేత్తో కొట్టే మీట ఒకటుంటుంది. దాన్ని పది సార్లు కొట్టాడు. పంపు పైన గాజు గిన్నెలోకి ఒక్క చుక్క రాలేదు.

"ట్యాంకులో పెట్రోలు ఉందా అసలు?"

"నిన్ననే పోయించాను కదయ్యా."

"బంకులో మీరు దిగి చూసినారా?"

చూడలేదు. బంకు కుర్రాడే మూత తీసి, పోసి, బిగిస్తాడు. నేను స్టీరింగు వదలను. పెట్రోలు ముల్లు పనిచేయని కారు కనుక, ముంచి కొలవడానికి డిక్కీలో ఒక వెదురుపుల్ల ఉంటుంది. అది తీసుకుని వెనక్కి వెళ్లి మూత తిప్పాను.

కారు ఊపిరి పీల్చింది. అలాగే అనిపించింది నాకు. మూత సడలగానే, చాలాసేపు నీళ్లలో మునిగి పైకి తేలిన మనిషి పీల్చినట్టు, పొడుగ్గా ఒక శబ్దం. ముందు నుంచి అబ్రహాము కూడా విన్నాడు.

"ఉండండి సార్, మూత పెట్టబాకండి!" అని అరిచి మళ్లీ మీట కొట్టాడు. నాలుగు దెబ్బలకు గాజు గిన్నె నిండింది.

నా చేతిలోంచి మూత లాక్కుని తిరగేశాడు. లోపల సైకిలు ట్యూబు కత్తిరించి వేసిన నల్లటి బిళ్ల ఒకటి, గ్రీజు పూసి, నొక్కి అతికించి ఉంది.

"పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ఆ చోటుకి గాలి పోవాల సార్. దానికే కంపెనీవోడు మూతలో సన్న బొక్క పెట్టుంటాడు. ఇది దాన్ని మూసేసింది. పంపు ఎంతని లాగతాది? మనం ఆగినంతసేపూ సందుల్లోంచి కాస్త గాలి దూరేది, మళ్లీ నడిచేది. మనమేమో తడిగుడ్డ మహిమ అనుకున్నాం." అని బిళ్లను గోటితో గీరాడు. "ఏ బుద్ధిమంతుడు పెట్టినాడబ్బా ఇది?"

హజరత్తయ్య కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేనే అన్నా," అన్నాడు చివరికి.

"నువ్వా?"

"మొన్న తుఫాను గాలికి మూత తుప్పు పడతా ఉండింది. గుంటల కాడ నీళ్లు చిలికే ఏరియేటర్ల మోటార్లకి ఇట్నే చేస్తాం. ట్యూబు ముక్క, గ్రీజు. లేకుంటే ఆరు నెలల్లో తినేస్తాది ఉప్పు. అమ్మగారి కారు కదా అని…"

"కార్బొరేటరు నాలుగు తూర్లు విప్పినా! నా గోళ్లు చూడు! ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?"

"చెప్తే సార్ వద్దంటారని చెప్పలే. ఆయనకి ఏం చేసినా మొహమాటమే కదా."

అబ్రహాము బిళ్ల పీకి కాలువలోకి విసరబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. కోపం రాలేదని చెప్పను, కొంచెం వచ్చింది. కానీ బిళ్ల లేచిన చోట మూత కొత్త గిన్నెలా మెరుస్తోంది. చుట్టూ అంతా తుప్పు, అక్కడ మాత్రం లేదు. బిళ్ల అంచు చూశాను. రూపాయి పెట్టి గీసుకుని కత్తిరించినంత గుండ్రంగా ఉంది. ఇతను ఏ మధ్యాహ్నమో గుంట గట్టున కూర్చుని, నాకు తెలియకుండా, ఎంత శ్రద్ధగా చేసి ఉంటాడో!

"దీనికి బొక్క పెడితే సరిపోదా?" అని అడిగాను.

అబ్రహాము నన్నూ, అతన్నీ మార్చి మార్చి చూశాడు. "సరిపోతాది. వాడే పెట్టాల."

హజరత్తయ్య మొలతాడుకున్న పిన్నీసు తీసి, మూతలోని సన్న రంధ్రానికి ఎదురుగా, నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని మరీ పొడిచాడు. అబ్రహాము మూతను పెదవులకు ఆనించి ఊది చూశాడు. "పా, పోదాం," అన్నాడు.

ఇరవై ఎనిమిదో కిలోమీటరు దగ్గర ముగ్గురమూ ఊపిరి బిగబట్టాం. అది పెన్నా వంతెన మీద వచ్చింది. కారు దగ్గలేదు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర అబ్రహాము మీటరు చూడ్డం మానేసి అద్దం దించుకున్నాడు.

ఆఫీసు ఆవరణలోకి పదకొండుకు ఐదు నిమిషాల ముందు చేరాం. ఇన్‌స్పెక్టరు సుప్రియ గారు చిన్న వయసావిడ. లైట్లు వేయమన్నారు, బ్రేకు తొక్కమన్నారు, బానెట్ ఎత్తించి, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుకున్నారు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇందులో చేపలు తెచ్చారా?" అని అడిగారు.

"మంచు మాత్రమే తెచ్చామండీ."

ఆవిడకేమీ అర్థం కాలేదు. ఆవరణ చుట్టూ ఒక తిప్పు తిప్పమన్నారు. తిప్పాను. గోడ పక్కన హజరత్తయ్య రెండు చేతులూ కట్టుకుని, కారుతో పాటు తల తిప్పుతూ నిలబడ్డాడు. ఆవిడ కాగితం మీద సంతకం చేసి ఇచ్చారు.

"ఎన్నేళ్లు ఇచ్చినారు సార్?" హజరత్తయ్య దగ్గరికొచ్చి అడిగాడు.

"ఐదు."

"అప్పటికి మీకెన్నేళ్లు?"

"డెబ్బై మూడు."

"ఐతే ఏముండాది, నేనొచ్చి తోస్తా లే."

"రేయ్," అన్నాడు అబ్రహాము, "తోసే పని పడకుండా చూడరా సామీ, చాలు."

అప్పుడు మొదటిసారి హజరత్తయ్య నవ్వాడు. నేను ఇంజను ఆపలేదు. ఇంకో నిమిషం దాని చప్పుడు వింటూ కూర్చుని, గేరు వేశాను.