నీళ్లు తాగే చోటు

పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి మెకానిక్ ఆస్తి ఇంతే: ఒక పాత సరుకు పడవ, పరుగు తీయని ఇంజను, దాన్ని నడపడానికి మిగిలిన ఒక్క బావమరిది. ఆ ఒక్కడూ సాయంత్రం వరకేనని తేల్చి చెప్పాడు. ఆవలి ఒడ్డుకు ముందు చేరినవాడిదే బేరం. రోజూ ఎదుటి షెడ్డువాడి పడవే ముందు చేరుతోంది. వాడేమో బావమరిదిని తన దగ్గర పనికి రమ్మని పిలుస్తున్నాడు.

మెకానిక్ పడవ వెనక వెల్లకిలా పడుకుని, నీళ్లలో మునిగే ఇంజను కాలును ఆకురాయితో రుద్దుతున్నాడు. కనుబొమల మీద లోహపు పొడి పేరుకుంది. ఇంజను చల్లగా ఉండాలంటే ఆ కాలి పక్కలనున్న చిల్లుల్లోంచి నీళ్లు తాగుతూ ఉండాలి. కాలు ఎత్తి బిగిస్తే నీటి రాపిడి తగ్గి పడవ ఎగిరిపోతుంది. కానీ చిల్లులు నీటి పైకొచ్చి గాలి పీలుస్తాయి, ఇంజను కాగిపోతుంది. దించి బిగిస్తే చల్లగానే ఉంటుంది, నత్తలా పోతుంది. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. ఎత్తడం, దించడంతోనే ఏడాది గడిచింది.

"ఇది గుక్కెడు నీళ్లు తాగదు గానీ నాకు మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది," అని ఆకురాయి విసిరేశాడు.

"దాని నోరెక్కడ పెట్టాలో తర్వాత చూద్దువు గానీ, నీకూ ఒక నోరుంది. వచ్చి తిను," అంది గిన్నె తెచ్చిన భార్య.

తినలేదు. పక్క చిల్లులు పూడ్చేసి, కాలి అట్టడుగున, ముక్కు దగ్గర కొత్తవి తొలవడానికి గురుతు పెట్టాడు.

"మరీ అంత కిందికా బావా? ఒడ్డు దగ్గర లోతుండదు."

"ఎంత కిందికి పెడితే కాలిని అంత పైకెత్తొచ్చురా. ఏడాదంతా ఏడ్చి, ఇప్పుడు పిసినారితనమా?"

మధ్యాహ్నం కాలు పైకెత్తి బిగించాక పడవ నిజంగానే ఎగిరింది. ఎదుటి షెడ్డు పడవను దాటేసింది.

"బావా, వాడు దుమ్ము తింటున్నాడు!"

"నీళ్ల మీద దుమ్మెక్కడిదిరా!"

ఇద్దరూ వెనక్కి తిరిగి వాణ్ణి చూస్తూ నవ్వారు. ఆ నవ్వులోనే ఒడ్డు దగ్గరపడింది, వేగం తగ్గించాలని ఎవరికీ తోచలేదు. కింది చిల్లులు బురద మింగాయి. ఇంజను తాగిన నీళ్లు పక్కనుంచి బయటికి చిమ్మే సన్నటి ధార ఆగిపోయింది. మాడువాసన వచ్చాక గానీ చూసుకోలేదు. ఇంజను ఒక్కసారి మూలిగి బిగుసుకుపోయింది.

గడకర్రతో పడవను ఒడ్డుకు నెట్టారు.

"నెగ్గావు బావా," అన్నాడు బావమరిది. "మరి రేపు నేను దేన్ని నడపను?" అన్నాడు.

మెకానిక్ కాలిన ఇంజను మూత మీద దోసెడు నీళ్లు పోశాడు. "వెళ్లు. అక్కడైనా లోతు చూసి నడుపు," అన్నాడు.

బావమరిది ఎదుటి షెడ్డువాడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇంజను పోయింది, మనిషి పోయాడు. దక్కింది వేగం, అదీ ఒక్క మధ్యాహ్నం. స్టీరింగు మీద బావమరిది మరిచిపోయిన చేతితొడుగు ఉంది, వేళ్లు పట్టు విడవకుండా అలాగే వంగి.