ఇద్దరూ ఒకటే

రమణి అంబలి కలుపుతుండగా ఫల్గుణ టీ కాచి తెచ్చాడు. పెళ్ళయ్యాక అతను పొయ్యి ముట్టడం ఇదే మొదలు. ఆమెకు అనుమానం అక్కడే పుట్టింది.

"ఆ యాప్‌లో సిన్న మార్పు సెయ్యే. మొగుడి పేరైనా పెళ్ళాం పేరైనా ఒకటే అని రాసీ బేగి. సంఘమోళ్ళందరూ అడుగుతన్నారు."

కాఫీ రైతుల సంఘానికి ఆ యాప్ రాస్తున్నది రమణే. యాప్‌లోకి లాగిన్ అయిన మనిషి పేరునూ తోట యజమాని పేరునూ పోల్చి, ఇద్దరూ ఒకరేనా అని తేల్చే భాగం ఆమెది. ఒకరే అయితే తోట కౌలుకివ్వవచ్చు. కాకపోతే యాప్ ఒప్పుకోదు.

సంఘంవాళ్ళు ఎందుకు అడుగుతారు? ఆడవాళ్ళు కొండ మీద కాఫీ పళ్ళు కోస్తుంటే సిగ్నల్ అందదు, వాళ్ళ బదులు మొగుళ్ళు యాప్ వాడాల్సి రావచ్చు, నిజమే. కానీ నాన్న ఆమె పేరున రాసిన తోటలోకి ఫల్గుణ మొన్న సంతరోజు షావుకారును తీసుకెళ్ళాడు. ఎందుకని అడిగితే సిల్వర్ ఓక్ చెట్లు చూపించడానికన్నాడు. సిల్వర్ ఓక్ ఇంటి ముందే ఉంది. ఆమె ఉద్యోగాన్ని ఇన్నాళ్ళూ "ఫోన్ సూసుకోడం" అన్న మనిషికి, అందులో ఏది మార్చాలో ఇవాళ ఎలా తెలిసింది?

పొయ్యి దగ్గర నుంచి అత్త సోములమ్మ అందుకుంది.

"మీ మావా నేనూ ఒకటే అనుకున్నాను గుంటా. నేను కలుపు తీత్తుండగానే నా పసుపు తోట ఆల్లన్నకి ఇచ్చీసేడు. నాకు సెప్పలేదేటి అంటే, నాకు తెలుసు గదా, నీకు సెప్పడమేటి అన్నాడు."

రమణి లాప్‌టాప్ తెరిచి, యాప్ నకలు మీద ఆ మార్పు రాసింది. ఇద్దరూ ఒకటే అన్నాక, ఎటునుంచి పోల్చినా ఒకటే కావాలి. ఆ పనిలో నియమం అది. తన పేరుతో లోపలికి వెళ్ళి ఫల్గుణ తోట తెరిచింది.

"రాసీసేను. నా పేరుకి నీ తోట తెరుసుకుంది. కౌలుకిచ్చీమంతావా?"

ఫల్గుణ గ్లాసు దించాడు. "నాదెందుకు తెరుసుకుంటాది?"

"ఒకటే అన్నావు గదా."

"నీది నాకు తెరుసుకోవాల. నాది నీకెందుకే? అది నాది గదేటి."

రమణి ఆ మార్పు చెరిపేసింది. సగం కలిపిన అంబలి గిన్నె అతని ముందుకు జరిపి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?"

"నా తోటకి. షావుకారు ఇయాల గూడా వచ్చుంటాడేమో, నా పేరేటో సెప్పొస్తాను."