నాలుగో మునక

నాలుగోసారి బాప్తిస్మం తీసుకుంటానని చెప్పగానే, మా అక్క ఎర్లీన్ చిక్కుడుకాయలు తుంచడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంకోసారి మునిగితే నీకు మొప్పలు మొలుస్తాయే నెల్డా," అంది.

"మొలిస్తే మొలిచాయిలే. కంటినిండా నిద్ర పడితే అదే చాలు."

"అరవై మూడేళ్ళొచ్చాయి. దేవుడికైనా విసుగు రాదటే?"

దేవుడి సంగతేమో గాని, నాకు మాత్రం వచ్చింది. వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని నాది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఒళ్ళు హూనమైతే కాసేపు పడుకుంటే తగ్గుతుంది. లోపలి అలసట అలా తగ్గేది కాదు. దేవుడు నన్ను తన దానిగా తీసుకున్నాడా లేదా అన్న ఒక్క ప్రశ్న చిన్నప్పటి నుంచీ నన్ను పీక్కు తింటోంది.

ఆరేళ్ళప్పుడు అలాంటి ప్రశ్నేమీ లేదు. మా టెన్నెసీ కొండల్లో ఆగస్టు వచ్చిందంటే ఉజ్జీవ కూటాలు, పాటలూ ప్రసంగాలూ, దేవుడి దగ్గరికి ముందుకు రమ్మని పిలుపులూ. ఒకరోజు ఆఖరి పాట పాడుతుండగా, ఎవరూ పంపకుండానే బెంచీ దిగి ముందుకు నడిచిపోయాను. ఏం కావాలమ్మా అని ప్రసంగీకుడు వంగి అడిగితే, "యేసయ్య దగ్గర ఉండాలని ఉంది," అన్నాను. ఆ ఆదివారమే వాగులో ముంచారు. ఆ వారమంతా మా కోళ్ళక్కూడా ఆ సంగతి చెప్పుకుంటూ తిరిగాను.

పదో రోజున, చర్చి సంఘం భోజనాలకని అమ్మ చేసిన కొబ్బరి కేకు కాస్త తుంచుకు తిన్నాను. తినలేదని బుకాయించాను. మూతికి కొబ్బరి అంటుకునే ఉంది. నాన్న సంఘ పెద్ద. కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

"రక్షణ పొందిన పిల్ల అబద్ధమాడదు. ఆ రోజు నీకేమీ జరగలేదు. ఊరికే తడిసొచ్చావు, అంతే," అన్నాడు.

నమ్మేశాను. నాన్న అన్నాక నమ్మక ఛస్తానా?

పద్నాలుగేళ్ళకు యువజన శిబిరంలో మళ్ళీ మునిగాను. ఇంటికొచ్చిన వారానికే అక్కా నేనూ జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. ఆ మునక కాస్తా గంగలో కలిసింది. ముప్ఫై ఒకటికి, మొగుడు వదిలేసి పోయాక, మూడోసారి మునిగాను. నాలుగు నెలలు బాగానే ఉన్నాను. ఆ తర్వాత ఒకరోజు ఆ మనిషిని తలుచుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. తప్పు చేసిన ప్రతిసారీ చెవిలో అదే మాట వినబడేది, ఊరికే తడిసొచ్చావని.

ఈ వసంతంలో పాస్టరుగారి భార్య మెరెడిత్ గురువారం గురువారం ఆడవాళ్ళకు తరగతి పెట్టింది. మనలో చిన్నప్పటి బిడ్డ ఇంకా ఉంటుందట. ఆ బిడ్డను తెచ్చి ప్రభువు ఒళ్ళో కూర్చోబెట్టాలట. అందరినీ కళ్ళు మూసుకోమంది. అందరికీ తమ తమ బిడ్డలు కనబడ్డారు. ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది. నాకేమో దుప్పట్ల గుట్ట కనబడింది, ఆ వెంటనే నిద్ర పట్టేసింది. నా గురకకు నాకే మెలకువ వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. అందరి బిడ్డలూ ఆయన ఒళ్ళో ఉండి నా బిడ్డ ఒక్కతే లేదంటే ఏమనుకోవాలి? నాన్న అన్నదే నిజమనుకున్నాను. నేరుగా వెళ్ళి, మళ్ళీ బాప్తిస్మం ఇమ్మని పాస్టరు బ్రదర్ కోల్బీని అడిగాను.

"తప్పకుండానమ్మా," అన్నాడు. మంచి కుర్రాడే, మా అక్క కొడుకు ఈడువాడు. "నీళ్ళలో దిగాక ఒక్క మాట చెబితే చాలు. చిన్నప్పుడు ఏమీ తెలియక తీసుకున్నానని, ఇప్పుడు నిజంగా నమ్ముతున్నానని."

ఆదివారం ఉదయం తెల్లటి అంగీ తొడుక్కున్నాను. నీళ్ళలో పైకి తేలకుండా దాని అంచుకు సీసపు గుండ్లు కుట్టి ఉంటాయి. చర్చిలో గాయకుల వెనక ఉన్న బాప్తిస్మపు తొట్టి మెట్ల దగ్గర అక్క తువ్వాలు పట్టుకుని నిలబడింది. కోల్బీ అప్పటికే నీళ్ళలో నిలబడి ఉన్నాడు. నేను దిగాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. సంఘమంతా నా వైపే చూస్తోంది.

"చెప్పండమ్మా," అన్నాడు కోల్బీ.

"ఆరేళ్ళప్పుడు నేను తీసుకున్నది..." అని మొదలుపెట్టాను. "ఆ రోజు నాకేమీ..."

అది నాన్న మాట. ఆయన పోయి పంతొమ్మిదేళ్ళయినా ఆ మాట నా నోట్లోంచి వస్తోంది. ఎవరి మీద? ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బెంచీల మధ్య అంత పొడుగు నడవలో నడిచివెళ్ళిన పిల్ల మీద. ఆ పిల్ల కేకు సంగతిలో అబద్ధమాడింది. యేసయ్య సంగతిలో ఆడలేదు. యాభై ఏడేళ్ళుగా దాన్ని అబద్ధాలకోరంటున్నది నేనే. మునిగిన ప్రతిసారీ పదిమందిలో నిలబెట్టి మరీ అన్నాను. నాకు దాని మీద జాలేసింది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"నేను మునగనండి," అన్నాను.

"నీళ్ళు చల్లగా ఉన్నాయామ్మా?" అన్నాడు పాపం.

"బాగానే ఉన్నాయి. ఆ పిల్ల నిజమే చెప్పింది బాబూ. ఆయన అప్పుడే తీసుకున్నాడు. మళ్ళీ మునిగితే దాని మాట అబద్ధమన్నట్టే."

అతను బెంచీల వైపు చూసి గొంతు తగ్గించాడు. "మరి వీళ్ళకేం చెప్పమంటారు?"

"యాభై ఏడేళ్ళ కిందటే అయిపోయిందని చెప్పు."

మెట్లెక్కి వచ్చాను. అక్క తువ్వాలు కప్పింది. ఏదో ఒకటి అంటుందని కాచుకుని ఉన్నాను. ఆమె మెట్టు మీద కూలబడింది.

"నాన్న నిన్నలా అన్నప్పుడు నేను తలుపు వెనకే ఉన్నానే," అంది. "అంతకు ముందు నువ్వు వాగులోంచి వస్తుంటే నీ మొహం చూశాను. ఊరికే తడిసినదాని మొహం కాదది. నాకు తెలుసు."

ఒళ్ళు మండిపోయింది నాకు. "తెలిసీ ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నావా? అప్పుడే ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

ఆమె తన ఒళ్ళో చేతుల వైపు చూసుకుంది.

"నాకప్పుడు తొమ్మిదేళ్ళే నెల్డా," అంది. "నాన్నంటే నాకూ భయమే."

తువ్వాలు సగం ఆమె భుజాల మీద వేసి పక్కనే కూర్చున్నాను. అవతల సంఘమంతా మాకోసం ఎదురుచూస్తోంది. చూడనీ అనుకున్నాను.