మొదటి మర వదిలెయ్యాలి

అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికి నాలుగు రోజులు పట్టింది. చదవడానికి అంత పట్టదులెండి.

మా ఆయన పోయిన మూడో నెలలో వదిన నన్ను తను పనిచేసే పంపుల కార్ఖానాకు తీసుకెళ్ళింది. ఆవిడ మా ఆయనకు అక్క. బోల్టు చుట్టూ గాళ్ళలా తిరిగే మరలకు జిగురు పూసే బల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఆవిడదే రాజ్యం. ముదురు పాకంలా సాగే ఆ జిగురు మరల సందుల్లో గట్టిపడి నీళ్ళు కారకుండా ఆపుతుంది. నాకు వారం గడువిచ్చారు. శనివారం సాయంత్రం నేను బిగించిన పది పంపులకూ నీళ్ళు ఎక్కించి చూస్తారు. ఒక్కటి చెడినా ఇంటికే. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, నా సంపాదన తప్ప వాళ్ళకు దిక్కు లేదు.

శుక్రవారం మధ్యాహ్నానికే పదీ ముగించాను. కారుతాయన్న భయంతో ప్రతి బోల్టుకూ కొస నుంచి తల దాకా దిట్టంగా పట్టించాను. వదిన వచ్చి ఒక పంపు చుట్టూ వేలు తిప్పింది.

"ఏమే, గోడకి సున్నం కొట్టావా?"

"కారకూడదని, వదినా..."

"కారదులే. నీళ్ళు లోపలికి వెళ్తే కదా కారడానికి!"

ఒక పంపు విప్పి చూపించింది. బోల్టు కొస జిగురును ముందుకు నెట్టేసింది. అది లోపలి కవాటం మీద ముద్దలా కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మేస్త్రికి చెప్పకు వదినా."

"నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు, పద."

చెప్పాను. మేస్త్రి వదిన వైపు తిరిగాడు. "మరదల్ని వెనకేసుకొస్తున్నావా పెద్దమ్మా?"

"ఆ పనే అయితే పదీ నేనే బిగించి నోరు మూసుకునేదాన్ని. రేపటిదాకా టైముంది కదా. విప్పి, కడిగి, తనే బిగిస్తుంది. నేను వేలు పెట్టను."

బల్ల దగ్గర ఒక్క బోల్టు పూసి చూపించింది. మొదటి మర వదిలేసింది. బ్రష్షు కదలలేదు, బోల్టునే రెండు వేళ్ళ మధ్య తిప్పింది. ప్రతి గాడీ అంచుల దాకా నిండింది, ఒక్క చుక్క పొర్లలేదు. చూపు నా మీద, తిట్లు నా మీద, వేళ్ళు మాత్రం బోల్టు మీద. అంత నున్నని పని నేనెక్కడా చూడలేదు.

శనివారం తొమ్మిది పంపులు పొడిగా నిలిచాయి. పదో దానికి ఒక బోల్టు కింద నీటి బొట్టు వేలాడింది.

"ఎందుకు?" అన్నాడు మేస్త్రి.

"ఒక మర వదలమంటే భయంతో మూడు వదిలానండీ, ఆ బోల్టుకి."

అతను ఆ బొట్టును వేలితో తుడిచాడు. "తప్పు ఎక్కడుందో తెలిసింది కదా. విప్పి మళ్ళీ బిగించు. సోమవారం ఎనిమిదింటికి వచ్చెయ్."

గేటు దాటాక వదిన నవ్వింది. "నా మొదటి వారంలో నాలుగు చెడగొట్టానే."

"ముందే చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వూ నాలుగు చెడగొట్టేదానివి."

ఇట్లు,
కార్ఖానాలో జిగురు పిన్ని అని అందరూ పిలిచే నేను. వయసు అరవై ఒకటి. ఇప్పుడు చిన్నమ్మాయి ఇంట్లో, మేడ మీది వెనక గదిలో ఉంటున్నాను.