ముద్ర పడని నవల

నేను ఒక క్యూబా నవలను. తెలుగులోకి వచ్చినా నాలో ఒక్కో వాక్యం మూడు పేజీలు నడుస్తుంది. నన్ను రాసినాయన చెరకు మిల్లు కార్మికుల బతుకు రాశాడు. మిల్లు ఆగదు కాబట్టి వాక్యాన్నీ ఆగనివ్వలేదు. పెద్దలు నన్ను కొరకరాని కొయ్య అన్నారు. కొరికి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

నాపరాయి గనులున్న ఒక చిన్న ఊరి గ్రంథాలయానికి చేరాను. నన్నెవరైనా ఇంటికి తీసుకెళ్తే చివరి పేజీలోని చీటీ మీద తేదీ ముద్ర పడాలి. పదిహేనేళ్లుగా ఆ చీటీ తెల్లగానే ఉంది. అందుకని మొన్న ‘ఎవరూ చదవని పుస్తకాలు’ అంటూ జాబితా రాసి, మరో ముప్పై పుస్తకాలతో కలిపి నన్ను తాడేసి కట్టి వరండాలో పడేశారు. పాత కాగితాల బండి ఆ సాయంత్రమే వస్తుందన్నారు.

ఎవరూ చదవలేదా? సుంకులమ్మ చదివింది. గనిలో రాళ్లు మోసేవాళ్ల ఇంటిపిల్ల, అప్పుడు డిగ్రీలో ఉండేది. కార్డు కావాలంటే గెజిటెడ్ అధికారి జామీను సంతకం తెమ్మన్నారు. ఆ ఇంటికి తెలిసిన అధికారి ఎవడు? రోజూ కాలేజీ అయ్యాక ఇక్కడి హాల్లోనే కూర్చుని తొమ్మిది నెలల్లో రెండుసార్లు చదివింది. విసుగొచ్చి మూసేది, ఉండలేక తెరిచేది. నచ్చినచోట గుర్తుగా పెట్టిన చీపురుపుల్ల ఇంకా నూటపన్నెండో పేజీలో ఉంది. జాబితా రాసినవాళ్లు నన్ను తెరిస్తే కదా కనబడేది.

ఆ మధ్యాహ్నమే ఆమె వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ కళాశాలలో అధ్యాపకురాలు, కథలు రాస్తుంది. తనకు రాయడం నేర్పిన రచయిత, అంటే నన్ను రాసినాయన గురించి గ్రంథాలయ వారోత్సవాల్లో మాట్లాడమని పిలిచారు. వరండాలోనే నన్ను చూసి ఆగిపోయింది.

“దీన్నెందుకు కట్టినారు సార్?” అని గ్రంథపాలకుడు పీరయ్యను అడిగింది.

“ఎవురూ సదవలేదు కదమ్మా. సూడు, ఒక్క ముద్రన్నా ఉందా?”

“నేను సదివినా. మీ బల్ల ముందరే కూసోని.”

“హాల్లో సదివింది లెక్కకు రాదు. కార్డుండాల.”

“నాకు కార్డెవురిచ్చిరి సార్?”

పీరయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “అయినా ఈయప్ప రాసింది ఎవురికర్థమవుతాది లే.”

“అందరూ నాకర్థమయ్యేట్ల చెప్తామని సగమే చెప్పినారు సార్. ఈయప్పొక్కడే నాకు తెలివుందని నమ్మి, అంతా చెప్పినాడు.”

సంచిలోంచి కలం తీసి, కట్టలో పైనే ఉన్న నా వెనకట్టను తాడు కిందనే కాస్త ఎత్తి, చీటీ మీద రాసింది: ‘ఇదే హాల్లో కూర్చుని తొమ్మిది నెలలు చదివాను.’ కింద సంతకం, హోదా.

పీరయ్య చూశాడు. ఆకుపచ్చ సిరా. గెజిటెడ్ సంతకం. తాడు వదులుచేసి, నన్నొక్కదాన్నే లాగి, మళ్లీ ముడి వేశాడు.

“మిగిలినవి?” అంది సుంకులమ్మ.

“అవి నువ్వు సదవలేదు కదమ్మా.”

ఆమె కలానికి మూత పెట్టి సంచిలో వేసుకుంది. నిజంగానే చదవలేదు.

అలమరలోకి తిరిగొచ్చాను గానీ నా కోపం తగ్గలేదు. తొమ్మిది నెలల చదువుకు దక్కని మర్యాద అరనిమిషం సంతకానికి దక్కింది. ఆ ముప్పైని ఇదే హాల్లో ఎవరెవరు చదివారో, వాళ్లలో ఎంతమందికి పచ్చ సిరా అందిందో నాకు తెలియదు. బండి మాత్రం చెప్పిన వేళకే వచ్చింది.